కళ్లద్దాలు పెట్టుకోకపోవడం సైనికుడి తప్పేనా?

ఉక్రెయిన్‌లో డ్రోన్ల, మందుపాతరల తునకలకు కళ్లు పోగొట్టుకుంటున్న సైనికుల వార్తలతో పాత తగాదా మళ్లీ రాజుకుంది. తునకల్ని ఆపే రక్షణ కళ్లద్దాలిచ్చినా పెట్టుకోరని పైవాళ్లు అంటారు. పెట్టుకునేలాంటివి ఇచ్చారా అన్నది కిందివాళ్ల ప్రశ్న.

మొదటి ప్రపంచ యుద్ధంలో కళ్లను కాపాడటానికి హెల్మెట్‌కు వేలాడదీసిన ఉక్కు గొలుసుల తెర తల తిప్పుతోందని బ్రిటిష్ సిపాయిలు పీకేశారు. ఆ చరిత్ర అలా ఉంచితే, అసలు మలుపు 2003-04లో ఇరాక్‌లో వచ్చింది.

ఒంటి మొత్తం ఉపరితలంలో కళ్లు 0.1 శాతమే. అయినా బాగ్దాద్‌లోని అమెరికా సర్జన్ల దగ్గరికి చూపు పోయినవాళ్లు గుంపులుగా వచ్చారు. రోడ్డు పక్క బాంబు పేలితే ఇనుప ముక్కలతో పాటు రాళ్లూ మట్టీ ఎగిరొస్తాయి. కవచం ఛాతీని కాపాడుతుంది, ముఖాన్ని కాదు. ఆరా తీస్తే చాలామంది అద్దాలు పెట్టుకోవట్లేదని తేలింది. కారణం? అవి ఫ్లోరిడా ముసలాళ్ల కళ్లజోళ్లలా ఉన్నాయట! నవ్వొస్తుంది గానీ, సైన్యం పంతానికి పోకుండా స్టైల్‌గా ఉండే వైలీ కంపెనీ అద్దాలు తెప్పించింది. కంటి గాయాలు బాగా తగ్గాయి. కుర్రాళ్లు అప్పటికప్పుడు క్రమశిక్షణ నేర్చుకున్నారా ఏం?

అద్దం ఆపలేని తునకల సంగతి వేరు. చిరిగిన కనుగుడ్డు మీద గాజుగుడ్డ అదిమి కడితే లోపలిదంతా బయటికొస్తుంది. అందుకే చిన్న గిన్నెలాంటి షీల్డును, అంచులు చుట్టూ ఎముక మీద ఆనేలా, కంటికి తగలకుండా పెట్టి టేపు వేస్తారు. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో ముందు గాయాన్ని కుట్టి, యాంటీబయాటిక్స్ ఇచ్చి, తునకను లోపలే ఉంచి వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ ఆస్పత్రికి పంపేవారు. అలా వచ్చిన 79 కళ్లలో దాదాపు సగానికి తునక తీసేసరికి 21 రోజులు దాటింది. వీలైనంత త్వరగా తీసేయాలన్నది అంతకుముందు నియమం. అయినా ఒక్క కంటిలోనూ లోపల చీము పట్టలేదు.

కన్ను నిలిచినంత మాత్రాన చూపు నిలవదు. మొదటి పరీక్షలో ఎంత కనిపించిందన్నదే చాలావరకు చివరి ఫలితాన్ని చెప్పేస్తుంది. చీలిక వెనక రెటీనా (వెలుగును పట్టే పొర) దాకా పోతే, అక్కడ మచ్చకణజాలం పెరిగి, అతికించిన రెటీనాను మళ్లీ లాగేస్తుంది. ఆపరేషన్ మీద ఆపరేషన్ చేసినా కొందరికి వెలుగు తెలిస్తే గొప్ప.

పెట్టుకుని ఉంటే కొన్ని కళ్లు దక్కేవన్న అధికారుల మాట అబద్ధం కాదు. కానీ చెమటకు మసకబారిన అద్దంతో తుపాకీ గురి చూడలేమని సైనికులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. గీతలు పడ్డ లెన్సు రాత్రిపూట ఇంకా ప్రమాదం. నెపం వేసేవాళ్లు ముందు మసకబారని అద్దాలు, మార్చుకోవడానికి స్పేర్ లెన్సులు ఎంతమందికి అందాయో లెక్క చూపించాలి.