ఎడెల్‌మన్ చేతులు: పదేళ్ల తగువు వెనక కథ

2020 అక్టోబర్ 5, సోమవారం రాత్రి. కాన్సస్ సిటీలోని యారోహెడ్ స్టేడియంలో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ నాలుగో క్వార్టర్‌కి, అంటే ఆఖరి పావు భాగానికి వచ్చింది. న్యూ ఇంగ్లాండ్ పేట్రియట్స్ కుర్ర క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) జారెట్ స్టిడమ్ విసిరిన బంతి తిన్నగా అదే జట్టు రిసీవర్ జూలియన్ ఎడెల్‌మన్ చేతుల్లోకి వెళ్లింది. వెళ్లి, అక్కడ ఆగలేదు. వేళ్లకి తగిలి పైకి లేచిన బంతిని ప్రత్యర్థి జట్టు చీఫ్స్ ఆటగాడు టైరన్ మాథ్యూ గాల్లోనే అందుకుని, 25 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ (బంతితో అవతలి చివరి గీత దాటి చేసే స్కోరు) చేసేశాడు. పేట్రియట్స్ 26-10తో ఓడారు.

ఎడెల్‌మన్‌కి అప్పటికి 34 ఏళ్లు. మోకాలు బాగోలేదని జట్టు గాయాల జాబితాలో అతని పేరు నడుస్తూనే ఉంది. అభిమానులు వెంటనే రెండు జట్లయ్యారు. కుంటుతూ ఆడుతున్న మనిషిని పట్టుకుని ఏమంటాం అని ఒక వర్గం. బంతి జారింది చేతుల్లోంచి, మధ్యలో ఈ మోకాలి గొడవేంటి అని రెండో వర్గం. అచ్చంగా బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టే వ్యవహారమే. కాకపోతే ఈ తగువు ఆ రాత్రి పుట్టింది కాదు. అసలు ఎడెల్‌మన్‌తో కూడా పుట్టలేదు.

ముందు ఈ ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. మనం ఫుట్‌బాల్ అనేది వేరు, అమెరికా వాళ్లు ఫుట్‌బాల్ అనేది వేరు. వాళ్ల ఆటలో 10 గజాలు ముందుకెళ్లడానికి నాలుగు ప్రయత్నాలుంటాయి. మూడోది తప్పితే నాలుగోసారి సాధారణంగా బంతిని దూరంగా తన్నేసి ప్రత్యర్థికి అప్పగించడమే. అందుకే మూడో ప్రయత్నం ప్రాణం లాంటిది. బంతి అందుకునే రిసీవర్లలో కొందరు గీత పక్కన దూరంగా పరిగెత్తుతారు. స్లాట్ రిసీవర్ అనేవాడు మాత్రం మైదానం నడిమధ్యలోకి, ఐదారు గజాల దూరంలోనే, చటుక్కున పాదం తిప్పి బంతి అందుకోవాలి. అతని కళ్లు వెనక్కి, బంతి మీద ఉంటాయి. ముందు నుంచి వంద కిలోల మనిషి దూసుకొస్తుంటాడు. బంతి ఎక్కువగా వచ్చేదీ, దెబ్బలు ఎక్కువగా తగిలేదీ ఈ చోటే.

ఎడెల్‌మన్ కంటే ముందు పేట్రియట్స్‌లో ఆ చోటు వెస్ వెల్కర్‌ది. 2010 జనవరి 3న హ్యూస్టన్‌లో, లీగ్ దశ ఆఖరి మ్యాచ్ మొదటి క్వార్టర్‌లోనే, ఎవరూ తాకకుండానే అతని మోకాలు మడతపడింది. మోకాలి ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్లు ఏసీఎల్, ఎంసీఎల్ రెండూ తెగాయి. అతని బదులు దిగిన కుర్రాడు ఆ రోజు 10 బంతులు పట్టి 103 గజాలు సంపాదించాడు. ఆ కుర్రాడే ఎడెల్‌మన్. కెంట్ స్టేట్ కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడినవాడు. 2009 డ్రాఫ్ట్‌లో (కాలేజీ కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే తంతు) ఏడో రౌండ్‌లో, 232వ ఎంపికగా, ఇక ఎవరూ పెద్దగా పట్టించుకోని చోట పేట్రియట్స్ తీసుకున్న మనిషి. వారం తర్వాత బాల్టిమోర్ రేవెన్స్ మీద ప్లేఆఫ్ (నాకౌట్) మ్యాచ్‌లో జట్టు 33-14తో చిత్తుగా ఓడినా, పేట్రియట్స్ చేసిన రెండు టచ్‌డౌన్లూ ఇతనివే.

వెల్కర్ ఎనిమిది నెలల్లో తిరిగొచ్చాడు. 2010 సెప్టెంబర్‌లో సీజన్ తొలి మ్యాచ్‌లోనే రెండు టచ్‌డౌన్లు చేశాడు. 2011 సీజన్‌లో 122 బంతులు పట్టుకున్నాడు, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. అంతటివాడికి జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం పట్టని ఒక్క బంతినే. 2012 ఫిబ్రవరి 5, ఇండియానాపొలిస్‌లో న్యూయార్క్ జెయింట్స్ మీద సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్. పేట్రియట్స్ 17-15తో ముందున్నారు, నాలుగు నిమిషాలు మిగిలాయి. పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ విసిరిన బంతి వెల్కర్‌కి కాస్త వెనగ్గా, కాస్త ఎత్తుగా వచ్చింది. అతను గాల్లోనే వెనక్కి తిరిగి రెండు చేతులూ పెట్టాడు. చేతికొచ్చింది కాస్తా జారిపోయింది. ఆ తర్వాత జెయింట్స్ టచ్‌డౌన్ చేసి 21-17తో కప్పు ఎగరేసుకుపోయారు. నా భర్తే విసిరి నా భర్తే పట్టుకోలేడు కదా అన్న అర్థం వచ్చేలా బ్రేడీ భార్య జిసెల్ విసుక్కోవడం కూడా కెమెరాకి చిక్కింది. ఆ విసురు సరిగ్గా లేదని బ్రేడీని తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు, తగిలిన బంతి పట్టాల్సిందేనని వెల్కర్‌ని తిట్టినవాళ్లూ ఉన్నారు. తగువుకి పునాది పడింది అక్కడే.

2013లో వెల్కర్ డెన్వర్ జట్టుకి వెళ్లిపోయాడు. అక్కడ పది నెలల వ్యవధిలో మూడుసార్లు తలకి దెబ్బ తగిలి కంకషన్ (మెదడు అదరడం) అయింది. పేట్రియట్స్‌లో ఖాళీ అయిన చోటులోకి ఎడెల్‌మన్ వచ్చి మొదటి ఏడాదే 105 బంతులు పట్టాడు.

మొండివాడు రాజు కంటే బలవంతుడు అంటారు. ఎడెల్‌మన్‌కి ఆ మాట అతికినట్టు సరిపోయింది 2015 ఫిబ్రవరి 1న. సియాటిల్ మీద సూపర్ బౌల్, నాలుగో క్వార్టర్, పేట్రియట్స్ 10 పాయింట్లు వెనకున్నారు. మూడో ప్రయత్నం, కావాల్సింది 14 గజాలు. బంతి అందిన క్షణానే సియాటిల్ ఆటగాడు క్యామ్ ఛాన్సలర్ వచ్చి గుద్దాడు. ఎడెల్‌మన్ తూలాడు, పడలేదు, నిలదొక్కుకుని పరిగెత్తాడు. ఆ గుద్దిన ఛాన్సలర్ కూడా మోకాలి లిగమెంట్ తెగి ఆడుతున్నాడన్నది తర్వాత బయటికొచ్చింది. ఆ మ్యాచ్‌లో 28-24 గెలుపు తెచ్చిన టచ్‌డౌన్ ఎడెల్‌మన్‌దే. అభిమానులకి అది వీరగాథ. నాకు మాత్రం ఆ దృశ్యం ఇప్పుడు చూసినా కడుపులో తిప్పినట్టవుతుంది. తలకి దెబ్బ తగిలి తూలుతున్న మనిషిని అప్పటికప్పుడు పక్కకి తీసుకెళ్లే వీలు లేకపోయిందేమిటని చాలామంది అడిగారు. ఆ మార్చిలోనే, పైన కూర్చుని గమనించే వైద్య పరిశీలకులకి ఆట ఆపించే అధికారం ఇస్తూ లీగ్ కొత్త నిబంధన తెచ్చింది.

అదే ఏడాది నవంబర్‌లో ఎడెల్‌మన్ పాదం విరిగింది. జనవరి ప్లేఆఫ్స్‌కల్లా దిగాడు. 2017 ఫిబ్రవరిలో అట్లాంటా ఫాల్కన్స్ మీద 28-3తో వెనకబడి 34-28తో గెలిచిన ఆ చారిత్రక సూపర్ బౌల్‌లో, ముగ్గురు ప్రత్యర్థుల కాళ్లూ చేతుల మధ్య, నేలకి అంగుళాల ఎత్తులో బంతి పట్టుకున్నాడు. ఆ ఫొటోని బోస్టన్ వాళ్లు దేవుడి పటంలా చూసుకుంటారు. అదే మ్యాచ్‌లో అతని వైపు వచ్చిన 13 బంతుల్లో చిక్కింది 5 మాత్రమే అన్నది పటంలో కనిపించదు. ఆ వేసవిలోనే, ఆగస్టు 25న డెట్రాయిట్‌లో ప్రీ-సీజన్ మ్యాచ్‌లో ఏసీఎల్ తెగింది. ఏడాది మొత్తం పోయింది. 2018లో తిరిగొచ్చేముందు నిషిద్ధ పదార్థాల నిబంధన ఉల్లంఘన కింద నాలుగు మ్యాచ్‌ల సస్పెన్షన్ కూడా పడింది. ప్రత్యర్థుల అభిమానులు ఈ పట్టుదల కథలన్నిటికీ ఇప్పటికీ చెప్పే జవాబు అదే, తోసిపుచ్చలేని జవాబు కూడా.

ఇక 2019 జనవరి 20. మళ్లీ అదే యారోహెడ్, అదే చీఫ్స్. నాలుగో క్వార్టర్‌లో పేట్రియట్స్ 17-14తో ముందున్నప్పుడు చీఫ్స్ తన్నిన పంట్ (ప్రత్యర్థికి అప్పగిస్తూ దూరంగా తన్నే బంతి) ఎడెల్‌మన్ మీదికొచ్చింది. పట్టబోయి వదిలేశాడు, బంతి చీఫ్స్‌కి దొరికింది. రీప్లేలో చూస్తే బంతి అతని బొటనవేళ్ల మధ్య నుంచి, తాకకుండానే జారిపోయింది. తాకలేదు కాబట్టి నిర్ణయం మారింది, బతికిపోయాడు. ఆ బతుకు ఎంతసేపు? కాసేపటికే బ్రేడీ వేసిన బంతి అతని చేతులకి తగిలి చీఫ్స్ ఆటగాడు డేనియల్ సొరెన్సెన్ ఒళ్లో పడింది. చీఫ్స్ వెంటనే టచ్‌డౌన్ చేసి ముందుకెళ్లారు. అదే ఎడెల్‌మన్‌కి ఓవర్‌టైమ్‌లో రెండుసార్లు, రెండుసార్లూ మూడో ప్రయత్నంలో 10 గజాలు కావాల్సినప్పుడు, బ్రేడీ బంతి వేశాడు. రెండూ పట్టాడు. 37-31తో గెలిచి సూపర్ బౌల్‌కి వెళ్లారు. అక్కడ 10 బంతులు, 141 గజాలు, మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి.

తగువులో రెండు పక్షాలూ వాడుకునే సాక్ష్యం ఈ ఒక్క రాత్రిలోనే దొరుకుతుంది. అయితే ఆ రోజు బంతి జారింది గాయం వల్ల అని ఎవరూ పెద్దగా అనలేదు. గెలిచారు కాబట్టి ఆ అవసరం రాలేదు.

అవసరం వచ్చింది తర్వాతి సీజన్‌లో. బంతి అందుకునేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. 2019 మార్చిలో గ్రాంకౌస్కీ రిటైరయ్యాడు. ఆంటోనియో బ్రౌన్‌ని తెచ్చుకుని ఒక్క మ్యాచ్ ఆడించి వదిలించుకున్నారు. జాష్ గార్డన్ సీజన్ మధ్యలో జట్టుకి దూరమయ్యాడు. మొదటి రౌండ్‌లో ఎంపిక చేసుకున్న నికీల్ హ్యారీ నవంబర్ దాకా గాయంతో బయటే. అక్టోబర్‌లో తెచ్చిన మొహమ్మద్ సానూకి చీలమండ దెబ్బ. చివరికి మిగిలింది ఎడెల్‌మన్. సెప్టెంబర్‌లో జెట్స్ జట్టు మీద ఆడుతూ ఛాతీ దెబ్బ, తర్వాత భుజం, డిసెంబర్‌కి మోకాలు. అయినా ఆ సీజన్లో అతని వైపు బంతి 153 సార్లు వచ్చింది. 100 పట్టుకున్నాడు, 1,117 గజాలు చేశాడు. జారవిడిచినవి కూడా బాగానే ఉన్నాయి. బాల్టిమోర్‌లో బంతి చేజార్చుకుంటే రేవెన్స్ దాన్ని 70 గజాలు తీసుకెళ్లి టచ్‌డౌన్ చేశారు. రెండు వారాల తర్వాత ఫిలడెల్ఫియాలో, దెబ్బ తిన్న ఆ భుజం సంగతి పక్కనపెట్టి, తనే బంతి విసిరి సహచరుడు డోర్సెట్‌తో టచ్‌డౌన్ చేయించాడు. తిట్టాలని తెరిచిన నోరు మూసుకోవాల్సి వచ్చేది అభిమానికి.

ఎన్ని జారాయో లెక్క చెప్పమంటే మాత్రం చిక్కు. జారవిడిచిన బంతి అన్నది ఎన్ఎఫ్ఎల్ (ఈ జట్లన్నీ ఆడే లీగ్) అధికారిక గణాంకం కాదు. లెక్కలు కట్టే సంస్థలు ఒక్కొక్కటీ ఒక్కో అంకె చెబుతాయి. వేలికొసకి తగిలి పోయింది జారినట్టా, అందనట్టా? చూసేవాడి కంటిని బట్టి ఉంటుంది.

రెండో చిక్కు గాయాల జాబితా. దాని చరిత్ర డాక్టర్లతో మొదలవలేదు, జూదంతో మొదలైంది. 1946 ఫైనల్‌కి ముందు జెయింట్స్ ఆటగాళ్లు ఇద్దరికి ఒక పందెంగాడు లంచం ఇవ్వజూపాడన్న గొడవ బయటపడింది. ఎవరికి దెబ్బ తగిలిందో లోపలి కబురు తెలిసినవాడు పందెంలో లాభపడకూడదని, 1947లో లీగ్ కమిషనర్ బర్ట్ బెల్ జట్లన్నీ గాయాలు ముందే చెప్పాలన్నాడు. తప్పక ఆడతాడు, ఆడితే ఆడొచ్చు, అనుమానమే, ఆడడు అని తర్వాత తరగతులు ఏర్పడ్డాయి. 2016లో మొదటిది తీసేశారు. దాంతో కాలి వేలు నొప్పి ఉన్నవాడూ, నిలబడలేనివాడూ ఒకే 'ఆడితే ఆడొచ్చు' గూట్లో చేరారు. అప్పటి పేట్రియట్స్ కోచ్ బిల్ బెలిచిక్ గాయాల గురించి నోరు విప్పే రకం కాదు. అందుచేత 2019లో ఎడెల్‌మన్ పేరు పక్కన వారం వారం భుజం, మోకాలు అని కనిపించేది తప్ప, ఆ భుజం ఎంత ఎత్తు లేస్తోందో అభిమానికి తెలిసే దారే లేదు. తెలియని చోట ఎవడి ఊహ వాడిది.

మోకాలికీ చేతులకీ సంబంధం లేదనడం మాత్రం పొరపాటు. పాదం గట్టిగా ఊని తిరగలేనివాడు బంతికి అరక్షణం ఆలస్యంగా చేరతాడు. ఛాతీ దగ్గర పట్టాల్సింది చేతులు చాచి పట్టాల్సి వస్తుంది. భుజం నొప్పి ఉంటే ఆ చాచడమే కష్టం. అలాగని అంతా గాయం ఖాతాలో వేయడానికీ లేదు, ఒళ్లు బాగున్న రోజుల్లోనూ అతని చేతుల్లోంచి బంతులు జారాయి.

మనకి ఈ రకం తగువు కొత్తేం కాదు. 2021 జనవరి, సిడ్నీ టెస్టు. నాలుగో రోజు పొద్దున్నే బుమ్రా బౌలింగ్‌లో లబుషేన్ ఇచ్చిన క్యాచ్‌ని మన కాకినాడ కుర్రాడు హనుమ విహారి వదిలేశాడు. ఎన్ని మాటలన్నారో! మర్నాడు తొడ కండరం పట్టేసి పరుగు తీయలేని స్థితిలో 161 బంతులు ఆడి, 23 పరుగులతో నాటౌట్‌గా నిలిచి, అశ్విన్‌తో కలిసి మ్యాచ్ కాపాడాడు. క్యాచ్ ఆ ఒక్క రాత్రిలో మాఫీ అయిపోయింది. వెల్కర్‌కి అలాంటి మర్నాడు దొరకలేదు.

2019 సీజన్ ఆఖరి మ్యాచ్‌లో మయామీ చేతిలో ఓడటంతో పేట్రియట్స్‌కి విశ్రాంతి వారం పోయింది, వైల్డ్‌కార్డ్ (ప్లేఆఫ్స్ తొలి రౌండ్) ఆడాల్సి వచ్చింది. ఎడెల్‌మన్ పదేళ్ల కిందట వెల్కర్ బదులు దిగి ఓడాడే, ఆ రేవెన్స్ మ్యాచ్ తర్వాత ఆ జట్టు వైల్డ్‌కార్డ్ ఆడటం అదే మొదలు. 2020 జనవరి 4, ఫాక్స్‌బరో, టెనెసీ టైటాన్స్. ఎడెల్‌మన్ బంతి పట్టుకుని పరిగెత్తి ఒక టచ్‌డౌన్ చేశాడు. నాలుగో క్వార్టర్‌లో 14-13తో వెనకున్నప్పుడు, ముందు ఖాళీ, తిన్నగా చేతుల్లోకొచ్చిన బంతి వదిలేశాడు. 20-13తో ఓటమి. పేట్రియట్స్‌కి బ్రేడీ ఆడిన ఆఖరి మ్యాచ్ అది. అభిమానులు ఇరవై ఏళ్ల వైభవం ఎక్కడ ముగిసిందని వెతికితే వేలు ఆ బంతి మీదికే వెళ్లేది. నన్నడిగితే వేలు అక్కడ పెట్టడం అన్యాయం. ఒళ్లంతా కట్లతో ఉన్న 33 ఏళ్ల మనిషి తప్ప మూడో ప్రయత్నంలో నమ్మదగ్గ ఇంకో జత చేతులు జట్టులో ఎందుకు లేవన్నది ఆ సీజన్‌లో అడగాల్సిన ప్రశ్న. అది అడిగితే చర్చ బెలిచిక్ డ్రాఫ్ట్ ఎంపికల దాకా పోతుంది. కప్పులు తెచ్చిన కోచ్ జోలికి పోవడం కంటే జారిన బంతి రీప్లే వేసుకోవడం తేలిక.

2020 సెప్టెంబర్ 20న సియాటిల్‌లో ఎడెల్‌మన్ 179 గజాలు చేశాడు. లీగ్ దశలో అతని కెరీర్ మొత్తం మీద అదే అత్యధికం. పదిహేను రోజులకి యారోహెడ్‌లో మాథ్యూ ఎగరేసుకుపోయిన ఆ బంతి. అక్టోబర్ 25న శాన్‌ఫ్రాన్సిస్కో మీద ఆడాక మోకాలికి ఆపరేషన్ అయింది, మళ్లీ దిగలేదు. 2021 ఏప్రిల్ 12న శారీరక పరీక్షలో నెగ్గలేదన్న కారణం చూపి జట్టు ఒప్పందం రద్దు చేసింది. అదే రోజు అతను రిటైరయ్యాడు. ప్లేఆఫ్స్‌లో 118 క్యాచ్‌లు, అప్పటికి పాతతరం రిసీవర్ జెర్రీ రైస్ తర్వాత రెండో స్థానం. జారినవి ఎన్నో ఏ అధికారిక పుస్తకంలోనూ లేదు.