చచ్చిన కాకి ఎవరి శాఖ?

1999 వేసవిలో న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో కాకులు చచ్చిపడటం మొదలైంది. ఎగరలేక తూలుతూ నడిచేవి, ఇళ్ల ముందు, పార్కుల్లో కూలబడేవి. జనం ఫోన్లు చేశారు. కానీ ఆ ఫోన్లకు జవాబు చెప్పాల్సింది ఎవరు? కాకి మనిషి కాదు కాబట్టి ఆరోగ్య శాఖకు సంబంధం లేదు. కోడి కాదు కాబట్టి వ్యవసాయ శాఖకూ పట్టదు. ఒకరు పెంచుకునేది కాదు కాబట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాళ్లూ ఉండరు.

ఆగస్టు 23న అదే క్వీన్స్‌లోని ఫ్లషింగ్ ఆసుపత్రి నుంచి అంటువ్యాధుల వైద్యురాలు డెబొరా ఆస్నిస్ నగర ఆరోగ్య శాఖకు ఫోన్ చేశారు. ఆమె దగ్గరున్న ఇద్దరు రోగులకు జ్వరం, మెదడువాపు. దానికి తోడు కండరాలు విపరీతంగా నీరసించిపోతున్నాయి. అదే ఆమెకు అనుమానం తెప్పించింది. మరికొన్ని కేసులు బయటపడ్డాక, సెప్టెంబర్ 3న అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఇది దోమల వల్ల వచ్చే సెయింట్ లూయిస్ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడువాపు జబ్బు అని తేల్చింది. నగరమంతా దోమల మందు కొట్టడం మొదలుపెట్టారు. కాకుల సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

న్యూయార్క్‌లోనే బ్రాంక్స్ జూలో పాథాలజిస్టుగా, అంటే చచ్చిన జంతువులను కోసి జబ్బేమిటో తేల్చే నిపుణురాలిగా ఉన్న ట్రేసీ మెక్‌నమారాకు మాత్రం ఈ నిర్ధారణ మింగుడుపడలేదు. ఆమె కోసి చూసిన కాకుల మెదడులో రక్తస్రావం, గుండె కండరంలో వాపు కనిపించాయి. సెప్టెంబర్ మొదటి వారంలో ఆమె జూలోనే ఫ్లెమింగోలు, నీటికాకులు చచ్చిపోయాయి. సెయింట్ లూయిస్ వైరస్ పక్షుల్లోనే పెరుగుతుంది, కానీ మామూలుగా వాటిని చంపదు. మరి ఇవి ఎందుకు చస్తున్నాయి? గుర్రాలను చంపే ఈస్టర్న్ ఎన్‌సెఫలైటిస్ అనుకుందామా అంటే, దానికి ముందు బలయ్యేది ఈమూలు. జూలో ఈమూలు నిక్షేపంగా తిరుగుతున్నాయి. అంటే ఇది రెండూ కాదు, ఇంకేదో. ఈ వాదన చెప్పడానికి ఆమె సీడీసీకి ఫోన్ చేస్తే పెద్దగా స్పందన రాలేదు. ఊరుకోకుండా నమూనాలను అయోవా రాష్ట్రంలోని ఏమ్స్‌లో ఉన్న పశువైద్య ప్రయోగశాలకు, ఆ తర్వాత సైన్యం నడిపే ల్యాబ్‌కు పంపించారు. ఆ నెలాఖరుకు అసలు పేరు బయటికొచ్చింది. అది వెస్ట్ నైల్ వైరస్. 1937లో ఉగాండాలో మొదటిసారి గుర్తించిన ఈ వైరస్ అమెరికా ఖండంలో కనిపించడం అదే తొలిసారి. ఆ ఏడాది న్యూయార్క్ ప్రాంతంలో 62 మందికి సోకింది, ఏడుగురు చనిపోయారు.

ఒక విధంగా నగరం అదృష్టవంతురాలే. రెండు జబ్బులనూ మోసేది క్యూలెక్స్ దోమే కాబట్టి, నిర్ధారణ తప్పినా కొట్టిన మందు పనికొచ్చింది. ప్రతిసారీ అలా కలిసిరాదు.

కాకి ఇంత ముందుగా ఎలా చెప్పగలిగింది? దోమ కుట్టినప్పుడు వైరస్ పక్షి ఒంట్లోకి వెళ్తుంది. అమెరికన్ కాకి రక్తంలో అది లెక్కకు అందనంతగా పెరిగిపోయి, వారం లోపే ప్రాణం తీస్తుంది. మనిషి రక్తంలో అంతగా పెరగదు, అందుకే మనల్ని కుట్టిన దోమ ఇంకొకరికి అంటించలేదు. పైగా మనిషిలో లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 14 రోజులు పట్టొచ్చు. ఆ తర్వాత జ్వరం ముదరాలి, ఆసుపత్రికి వెళ్లాలి, డాక్టరుకు అనుమానం రావాలి, పరీక్ష ఫలితం రావాలి. పేటలో నాలుగు కాకులు పడిపోయాయంటే వైరస్ మోస్తున్న దోమలు ఆ చుట్టుపక్కలే ఉన్నాయన్నమాట. ఆసుపత్రి లెక్కలకు అది అందేసరికి వారాలు గడిచిపోతాయి.

మరుసటి ఏడాది న్యూయార్క్ రాష్ట్రం పాఠం నేర్చుకుంది. చచ్చిన పక్షి కనిపిస్తే చెప్పమని జనాన్ని అడిగింది. 2000లో 70 వేలకు పైగా ఫోన్లు, సమాచారాలు వచ్చాయి. అన్నిటినీ పరీక్షించడం ఎవరి తరమూ కాదు. సుమారు 4 వేల పక్షులను పరీక్షిస్తే 1,263 పక్షుల్లో వైరస్ దొరికింది. ఈ పద్ధతిలో లోపం కూడా ఇక్కడే ఉంది. పక్షి ఎక్కడ చచ్చిందన్నదానికంటే దాన్ని చూసి ఫోన్ చేసే ఓపిక ఉన్న మనిషి ఎక్కడున్నాడన్నదే మ్యాపులో కనిపిస్తుంది. జనానికి కొత్త పోయాక ఫోన్లూ తగ్గిపోతాయి. ఇంకో చిక్కు, కాకులే తగ్గిపోవడం. వెస్ట్ నైల్ వచ్చాక కొన్ని ప్రాంతాల్లో అమెరికన్ కాకుల సంఖ్య 45 శాతం దాకా పడిపోయిందని 2007లో తేలింది.

ఇదంతా వెస్ట్ నైల్ సంగతి. పక్షుల నుంచి వచ్చే మరో వైరస్ బర్డ్ ఫ్లూ విషయంలో చావుల కోసం ఎదురుచూస్తే సరిపోదు. చాలా బాతులు ఆ వైరస్‌ను కడుపులో మోస్తూ హాయిగా ఈదుతుంటాయి. అందుకని బతికున్నవాటి నుంచీ నమూనాలు తీయాలి. పక్షిని ఒకరు రెక్కలు ముడిచి పట్టుకుంటే, ఇంకొకరు కొసన పాలియెస్టర్ చుట్టిన సన్నని పుల్లను (స్వాబ్) గొంతులో తిప్పుతారు. ఇంకోదాన్ని తోక కింద మలద్వారంలో తిప్పుతారు. పుల్లను యాంటీబయాటిక్ కలిపిన ద్రవం ఉన్న చిన్న ట్యూబులో ముంచి, పైభాగం విరిచేసి, మూత బిగించి ఐస్‌లో పెడతారు. ల్యాబ్‌లో ముందు ఏ రకం బర్డ్ ఫ్లూ వైరస్‌నైనా పట్టుకునే పీసీఆర్ పరీక్ష చేస్తారు. పాజిటివ్ వస్తేనే అది ప్రమాదకరం కాగల హెచ్5 రకమా అని చూసే రెండో పరీక్ష. పని మొత్తంలో కష్టమైనది పీసీఆర్ కాదు, ఆ ఐస్ కరగకుండా ల్యాబ్ దాకా చేర్చడం.

న్యూయార్క్‌లోనే మౌంట్ సైనాయ్ వైద్య కళాశాల పరిశోధకులు, గాయపడిన పక్షులకు వైద్యం చేసే వైల్డ్ బర్డ్ ఫండ్, బయోబస్ అనే విద్యా సంస్థ కలిసి ఇలాంటి పని చేస్తున్నారు. హైస్కూల్ పిల్లలకు శిక్షణ ఇచ్చి, పార్కుల్లో రెట్టల నమూనాలు సేకరింపజేస్తారు. 2022 జనవరి నుంచి 2023 నవంబర్ వరకు 895 పక్షుల నుంచి 1,927 నమూనాలు పరీక్షిస్తే ఆరు పక్షుల్లో హెచ్5 రకానికే చెందిన హెచ్5ఎన్1 దొరికింది. వాటిలో కెనడా బాతు ఉంది, ఎర్రతోక డేగ ఉంది, ఒక కోడి కూడా ఉంది. మహానగరం నడిబొడ్డున కోడికి వైరస్ వచ్చిందంటే, అడవిపక్షి, పెంపుడు పక్షి అని మనం గీసుకున్న గీత వైరస్‌కు కనబడదని అర్థం.

మన దేశంలో 2020 డిసెంబర్ చివర్లో రాజస్థాన్‌లోని ఝలావర్‌లో కాకులు కుప్పలుగా చచ్చిపోయాయి. భోపాల్‌లో జంతువుల వ్యాధులను పరీక్షించే జాతీయ ల్యాబ్ ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఏడీ వాటిలో బర్డ్ ఫ్లూ ఉందని తేల్చింది. కొద్ది రోజులకే ఢిల్లీలో మయూర్ విహార్ పార్కు కాకుల్లో, సంజయ్ లేక్ బాతుల్లో కూడా దొరికింది. బాల్కనీలో పావురాలు వాలితే చాలు బర్డ్ ఫ్లూ అని కొందరు టెన్షన్ పడుతుంటారు కానీ, ఈ వైరస్‌కు పావురాలు కాకులంత తేలిగ్గా లొంగవు. పావురాల రెట్టలతో వచ్చే ఊపిరితిత్తుల సమస్యలు వేరే సంగతి.

2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, తూర్పు గోదావరి జిల్లా కానూరు అగ్రహారంలో కోళ్లఫారాల్లో హెచ్5ఎన్1 ఉన్నట్టు చెప్పింది కూడా భోపాల్ ల్యాబే. పక్క జిల్లాలోనే కొల్లేరు, చలికాలమంతా వలస పక్షులు. ఆ ఫారాలకు వైరస్ వాటి నుంచే వచ్చిందని దీన్నిబట్టి చెప్పేయలేం. ఫారం నుంచి ఫారానికి మనుషులు, ట్రేలు, లారీలు కూడా వైరస్‌ను మోస్తాయి. ఏది ఎటు నుంచి ఎటు వెళ్లిందో తేల్చాలంటే కోళ్లతో పాటు చుట్టుపక్కల కాకులు, కొంగలు, బాతుల నమూనాలు కూడా చేతిలో ఉండాలి. అవి లేనప్పుడు మిగిలేది వాదనే.

మన పేటల్లో చచ్చిన కాకిని తీసేది పారిశుద్ధ్య కార్మికులు. చెత్త బండిలో వేసేలోపు ఎక్కడో ఒకచోట ఆ వార్త పశువైద్యశాలకు చేరాలి. ఒక్క కాకి చస్తే కరెంటు తీగ తగిలి ఉండొచ్చు. రెండు మూడు రోజుల్లో ఒకేచోట అయిదారు పడితే మాత్రం చెప్పాల్సిందే. ఒట్టి చేతులతో ముట్టుకోకూడదు, పిల్లల్ని, కుక్కల్ని దగ్గరికి రానివ్వకూడదు, ఫోన్లో ఫొటో తీసి చోటు చెప్పాలి. ఆలస్యం మాత్రం చేయకూడదు. మన ఎండలకు కళేబరం గంటల్లోనే కుళ్లడం మొదలవుతుంది. కుళ్లినకొద్దీ అందులో వైరస్ జాడ పట్టుకోవడం కష్టమవుతుంది.