ఊరి సంఘాలు ఉద్యమానికి ఎప్పుడు తోడు నిలుస్తాయి? అపోహలు - వాస్తవాలు

ఫ్యాక్టరీ కాలుష్యం కావచ్చు, భూసేకరణ కావచ్చు. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా పోరాట కమిటీ పడగానే వినిపించే మొదటి మాట "అన్ని సంఘాలను కలుపుకుపోదాం" అని. ఎలా కలుపుకోవాలన్న దగ్గరే పాత అపోహలు అడ్డం వస్తాయి.

అపోహ: అధ్యక్షుడు సరేనంటే సంఘమంతా వచ్చినట్టే.

అధ్యక్షుడి మాట ఆయన ఒక్కడిదే. గీత కార్మిక సంఘమైనా, మత్స్య సహకార సంఘమైనా, హమాలీ యూనియనైనా సొంత మీటింగులు, తీర్మానాల పుస్తకం ఉంటాయి. అధ్యక్షుడిని అడగాల్సింది ఆ మీటింగులో ఓ పావుగంట. ఇద్దరు వెళ్లండి: ఒకరు మాట్లాడాలి, ఇంకొకరు సభ్యుల ప్రశ్నలు రాసుకోవాలి. తీర్మానంలో తేదీ, హాజరు, భూమి సంగతైతే సర్వే నంబర్లు ఉండాలి. ఏం చేస్తారో రాసినట్టే ఏం చేయరో కూడా రాయించండి. "దీక్షా శిబిరానికి రోజుకు ఐదుగురిని పంపుతాం, రాస్తారోకోకు రాము" అని ముందే తేల్చుకున్న సంఘం చివరిదాకా ఉంటుంది. అన్నిటికీ ఊ కొట్టిన సంఘం మొదటి లాఠీచార్జికే జారుకుంటుంది.

అపోహ: మహిళా సంఘాలను పట్టుకుంటే జనానికి కొదవుండదు.

పది, పదిహేను మంది పొదుపు సంఘాలు, వాటి మీద గ్రామైక్య సంఘం, ఆపైన మండల సమాఖ్య. ఈ వరుసంతా బ్యాంకు లింకేజీ అప్పుల మీద, ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) సిబ్బంది పర్యవేక్షణలో నడుస్తుంది. వీవో (గ్రామైక్య సంఘం) అధ్యక్షురాలిని సంఘం లెటర్‌ప్యాడ్ మీద సంతకం అడిగితే ఆమెను ఇరుకున పెట్టడమే. సంఘం పేరు వాడకుండా, సభ్యులను ఊరివాళ్లుగా గ్రామసభకు రమ్మనండి, ఎవరి సంతకం వాళ్లనే పెట్టమనండి. వాళ్ల మీటింగులో పొదుపు, కిస్తీల లెక్క ముగిశాకే మాట్లాడండి, మధ్యలో దూరితే విసుక్కుంటారు. పత్తి ఏరే రోజుల్లో, నాట్ల రోజుల్లో పగలు మీటింగు పెడితే ఒకపూట కూలి పోతుంది. ఆ రోజుల్లో రాత్రి ఏడున్నర దాటాకే పెట్టాలి.

అపోహ: మీటింగు ఎక్కడ పెడితే ఏముంది, విషయం ముఖ్యం.

ఎక్కువ పొత్తులు చెడేది ఇక్కడే. భూస్వామి ఇంటి ముందు కూర్చుంటే దళితవాడ నుంచి ఎవరూ రారు, వచ్చినా నోరు విప్పరు. ఒక కులసంఘం భవనంలో పెడితే మిగతా కులాలకు అది వాళ్ల మీటింగే. తండా వాళ్లను ప్రతిసారీ ఊళ్లోకి పిలవడం కూడా అంతే. మొదటి మీటింగు బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో పెట్టి, తర్వాత వంతులవారీగా ఒకసారి వాడలో, ఒకసారి తండాలో పెట్టండి. కుర్చీలుంటే అందరికీ ఉండాలి, లేకుంటే అందరూ చాపల మీదే కూర్చోవాలి. కౌలురైతులు, భూమి లేని కూలీలు ఏం కోల్పోతారో పట్టాదారుల డిమాండ్ల పక్కనే, అదే కాగితం మీద రాయాలి. పరిహారం పట్టాదారుకే అన్నట్టు మాట నడిస్తే కూలీలు తప్పుకుంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

అపోహ: అందరి కారణం ఒకటే అయితేనే ఐక్యత.

2019లో నల్లమల అడవిలో యురేనియం తవ్వకాల మీద జరిగిన గొడవ గుర్తు చేసుకోండి. చెంచు పెంటలకు (అడవిలోని చెంచుల గూడేలకు) అది బతుకుదెరువు, కృష్ణ నీళ్లు వాడేవాళ్లకు నీళ్ల భయం, అడవి ప్రేమికులకు అమ్రాబాద్ పులుల అభయారణ్యం. కారణాలు వేరైనా కోరిక ఒక్కటే. ఆ సెప్టెంబర్ 16న తవ్వకాలు వద్దని శాసనసభ తీర్మానం చేసింది. అందరినీ ఒప్పించాల్సింది "తవ్వకాలు వద్దు" లాంటి ఆ ఒక్క వాక్యం మీదనే.

అపోహ: పెద్ద పిలుపిస్తేనే జనం కదులుతారు.

ప్రతి మనిషికీ చేతనయ్యే, లెక్కకు వచ్చే పని ఉండాలి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో తాగునీటిలో ఫ్లోరైడ్ గోడు దేశానికి వినిపించాలని జలసాధన సమితి పిలుపుతో నల్లగొండలో నామినేషన్లు వెల్లువెత్తాయి. బరిలో 480 మంది నిలిచారు, పోలింగే వాయిదా పడింది. ఒక్కొక్కరు చేసింది ఒక నామినేషన్ వేయడమే. తర్వాత డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు.

అపోహ: ప్రజాభిప్రాయ సేకరణకు ఎవరూ పోకుంటే అదే ఆగుతుంది.

ఫ్యాక్టరీకో గనికో పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు పెట్టే ఈ సభకు 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం కోరం (ఇంతమంది ఉండాలన్న నియమం) లేదు. పదిమంది వచ్చినా సభ నడుస్తుంది. నోటీసుకూ సభకూ మధ్య కనీసం 30 రోజులుండాలి, ఆ గడువును పంచుకోండి. మొదటి వారంలో టీచర్లు, రిటైర్డ్ ఉద్యోగులు కలెక్టరేట్‌లోనో జిల్లా పరిషత్‌లోనో పర్యావరణ ప్రభావ ముసాయిదా నివేదిక చదవాలి. రెండో వారంలో ప్రతి సంఘం తన వృత్తికి తగిలే దెబ్బ మీద రాతపూర్వక అభ్యంతరం తయారు చేసుకోవాలి: గొల్లకురుమలు మేత మీద, ముదిరాజులు చెరువు మీద. అందరూ ఒకే జిరాక్స్ ఇస్తే వందకూ ఒక్కదాని బరువే. సభ చివర అభ్యంతరాలను స్థానిక భాషలో చదివి వినిపించాలి, అది అయ్యేదాకా కదలొద్దు.

అపోహ: కేసులకు జంకే యువకులు పనికిరారు.

కానిస్టేబుల్ ఉద్యోగానికి చదువుకునే పిల్లవాడి భయం న్యాయమైనదే. సమాచార హక్కు దరఖాస్తులు, బోరు నీళ్ల శాంపిళ్లు, వీడియోలు వాళ్లకు అప్పజెప్పండి. ముందుకొచ్చే వాళ్లకు బైండోవర్ (గొడవ చేయబోమని అధికారుల ముందు రాయించుకునే పూచీకత్తు) గురించి ముందే చెప్పి, వకీలు నంబరు, ఇద్దరు జమానతుదారుల ఆధార్ జిరాక్సులు సిద్ధంగా ఉంచండి.

ఫ్లెక్సీ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఫొటో సైజు దగ్గర విడిపోయిన జేఏసీలు (ఉమ్మడి కార్యాచరణ కమిటీలు) ఉన్నాయి. ఫొటోలు వద్దు, సంఘాల పేర్లు అక్షరక్రమంలో చాలు. చందాకు రసీదు, ఖర్చుకు ఇద్దరి సంతకాలు, నెలకోసారి లెక్క చదవడం తప్పనిసరి. బంద్ పిలుపు అంగడి రోజున ఇవ్వొద్దు, వర్తక సంఘానికి మూడు రోజుల ముందే చెప్పాలి, మందుల దుకాణాలు తెరిచే ఉండాలి.

అపోహ: వలస పోయినవాళ్లు లెక్కలోకి రారు.

పాలమూరులో ముంబై, పుణె పోయినవాళ్లకూ ఊళ్లో భూమి, ఓటు ఉంటాయి. వాళ్లు లేకుండా తెచ్చుకున్న ఒప్పందాన్ని వాళ్లే వచ్చి తిప్పేయగలరు. వాడల వారీగా ఫోన్ నంబర్లు రాసుకోండి. దసరాకూ పీర్ల పండుగకూ ఊరు నిండుతుంది. పండుగ మర్నాడు పొద్దున, బస్సులు ఎక్కకముందే మీటింగు పెట్టి, తీర్మానాల పుస్తకంలో వాళ్ల సంతకాలు కూడా తీసుకోండి.