పత్తికి సబ్లిమేషన్ పట్టదు: టీషర్ట్ ప్రింటింగ్‌లో అపోహలు, వాస్తవాలు

పోయిన వారం ఒక కుర్రాడు ఫైవ్ ఇన్ వన్ హీట్ ప్రెస్‌ని, అంటే టీషర్టు, టోపీ, కప్పు, పళ్లెం లాంటివాటి మీద వేడితో ప్రింటు నొక్కే మిషన్‌ని, ఆటోలో వేసుకుని మా షాపుకి వచ్చాడు. కొని ఇరవై రోజులు కూడా కాలేదట, ప్లేటు మీద ప్లాస్టిక్ కవరు ముక్క ఇంకా అంటుకునే ఉంది. "అన్నా, ఎంత వేడి పెట్టినా రంగు నిలబడట్లేదు. మిషన్ తేడానా, ఇంకు తేడానా కాస్త చూసి చెప్పవా" అన్నాడు. సంచిలోంచి టీషర్టు తీశాడు. తెల్ల కాటన్. దాని మీద ఎవరిదో పుట్టినరోజు ఫొటో, ఒక్క ఉతుకు పడింది. కళ్లూ ముక్కూ పోయి నీడ మిగిలింది.

మిషన్ బాగానే ఉంది. ఇంకూ బాగానే ఉంది. బట్ట తప్పు. నెలకి ఇద్దరు ముగ్గురికి ఇదే చెప్తున్నాను, ఇక రాసి పెట్టడమే మేలనిపించింది.

అపోహ: సబ్లిమేషన్ ప్రింటరూ ప్రెస్సూ ఉంటే ఏ టీషర్టు మీదైనా వేసేయొచ్చు.

వేయలేం. కర్పూరం డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే బిళ్లలు కొన్నాళ్లకి మాయమవుతాయి కదా. కరిగి కారవు, నేరుగా గాలిలో కలిసిపోతాయి. సబ్లిమేషన్ రంగుదీ అదే గుణం. డిజైన్‌ని ముందు కాగితం మీద ప్రింట్ తీసి, ఆ కాగితాన్ని బట్ట మీద పెట్టి ప్రెస్‌తో నొక్కుతాం. 190, 200 డిగ్రీల దగ్గర కాగితం మీది రంగు ఆవిరవుతుంది. ఆ వేడికి పాలిస్టర్ పోగు వదులై ఆ ఆవిరిని లోపలికి తీసుకుంటుంది, చల్లారగానే బిగుసుకుంటుంది. అందుకే జెర్సీ మీద చెయ్యి పెట్టి తడిమితే ప్రింటు ఉన్నట్టే తెలియదు. పత్తి పోగు ఆ రంగుని పట్టుకోలేదు. పైపైన అంటి, సబ్బు నీళ్లు తగలగానే పోతుంది. పది డిగ్రీలు పెంచినా, ఇంకో నిమిషం నొక్కినా పత్తి పాలిస్టర్ అయిపోదు. పసుపెక్కి మాడుతుంది, అంతే.

పైగా ఈ ఇంకుల్లో తెలుపు లేదు. నల్ల టీషర్టు మీద తెల్ల అక్షరాలు సబ్లిమేషన్‌తో రావు. తెల్లటి, లేత రంగుల పాలిస్టర్ మాత్రమే దాని సొత్తు. మిక్స్ బట్టలో పాలిస్టర్ ఎంతుంటే రంగు అంతే నిలుస్తుంది, వెలిసినట్టు కనిపిస్తుంది. "కాటన్‌కి రంగు పట్టించే పూత స్ప్రే కొట్టి వేయొచ్చన్నా" అంటారు. కొట్టి చూశాను. బట్ట అట్టలా తయారైంది, నాలుగు ఉతుకులకి ప్రింటు పోయింది.

అమ్మేవాళ్లు కాటనే అంటారు, పాలిస్టరే అంటారు, మనం ఏది అడిగితే అది అంటారు. లోపలి కుట్టు దగ్గర రెండు పోగులు లాగి అగ్గిపుల్లతో కాల్చండి. పత్తి కాగితంలా కాలి, వేళ్ల మధ్య నలిపితే బూడిదవుతుంది. పాలిస్టర్ ముడుచుకుని కరుగుతుంది, చల్లారాక గట్టి నల్ల పూసలా మిగులుతుంది. రెండూ కలిస్తే బూడిదలో పలుకులు తగులుతాయి. కాలుతుండగా మాత్రం పట్టుకోకండి, నా బొటనవేలికి ఒక మచ్చ ఉంది.

నాకు పుట్టుకతో తెలుసనుకునేరు. మొదటి ఏడాది వినాయక చవితికి మా పక్క వీధి కమిటీ వాళ్లు ఎనభై టీషర్టులు చెప్పారు. కాటనే కావాలన్నారు. రెండు రాత్రులు కూర్చుని సబ్లిమేషన్ కొట్టాను. రంగు కాస్త వెలిసినట్టు వచ్చిందేమని అడిగితే "ఇది మ్యాట్ ఫినిషింగ్ అండీ" అని చెప్పాను, సిగ్గు లేకుండా. నిమజ్జనం నాటికి ఒక ఉతుకు పడింది. కమిటీ పెద్దాయన అదే వేసుకుని షాపు ముందు నిలబడ్డారు. ఛాతీ మీద వినాయకుడికి తొండం ఒక్కటే మిగిలింది. "పండగ పూట గొడవెందుకులే బాబూ, లెక్క చూసి ఇచ్చెయ్" అన్నారు. అమ్మ చిట్టీ డబ్బు అందులో పోయింది. అందుకే ఆటోలో మిషన్ వేసుకుని వచ్చేవాళ్లని చూస్తే నాకు నవ్వు రాదు.

మరి కాటన్‌కి ఏంటి దారి? పేర్లు, నంబర్లు, ఒకటి రెండు రంగుల లోగోలైతే వినైల్ (వేడికి బట్టకి అంటుకునే రంగు షీటు) కత్తిరించి వేయండి. ఫొటోలు, ఎక్కువ రంగులైతే డీటీఎఫ్, అంటే డైరెక్ట్ టు ఫిల్మ్: డిజైన్‌ని ప్లాస్టిక్ ఫిల్మ్ మీద ప్రింట్ తీసి, బట్ట మీద నొక్కి, ఫిల్మ్ ఊడదీస్తాం. దాంట్లో తెలుపు ఉంటుంది, వెనక జిగురు పొడి ఉంటుంది, ఏ రంగు బట్ట మీదైనా కూర్చుంటుంది. 150, 160 డిగ్రీల్లో పది పదిహేను సెకన్లు చాలు. ఫిల్మ్‌ని బట్టి మారుతుంది, అమ్మినవాణ్ని అడగండి. వేడిగా ఉండగా ఊడదీయాలా, చల్లారాకా అన్నది కూడా అప్పుడే అడగండి.

అపోహ: డీటీఎఫ్ ప్రింటరు కూడా మనమే కొనేస్తే మొత్తం లాభం మనదే.

రోజూ పని ఉంటే కొనండి. తెల్ల ఇంకులో ఉండేది టైటానియం డయాక్సైడ్, బరువైన పొడి. కదలకుండా వదిలేస్తే అడుగుకి దిగుతుంది, ఇంకు చిమ్మే ప్రింట్ హెడ్‌లో గడ్డకడుతుంది. పెళ్లికని నాలుగు రోజులు ఊరెళ్లొచ్చి హెడ్ మార్చుకున్నవాళ్లు నాకు తెలుసు. వారానికి ముప్పై టీషర్టుల పనికి ఫిల్మ్‌ని మీటరు లెక్కన బయట కొట్టించుకోండి. ఒకే మీటరులో చిన్నా పెద్దా డిజైన్లన్నీ సర్దించండి, ఖాళీకీ డబ్బు కడుతున్నాం కదా.

అపోహ: డిస్‌ప్లేలో 160 చూపిస్తే ప్లేటంతా 160.

ప్లేటు మధ్యలో ఉండొచ్చు. చవక ప్రెస్సుల్లో మూలలు చల్లగా ఉంటాయి, ప్రింటు ముందు ఊడేది ఆ మూలల దగ్గరే. ప్లేటు మీద టెఫ్లాన్ షీటు వేసి టెంపరేచర్ గన్‌తో తొమ్మిది చోట్ల చూడండి, మెరిసే లోహం మీద గన్ తప్పు చెప్తుంది. మిషన్ చల్లగా ఉన్నప్పుడు నాలుగు మూలలా కాగితం ముక్కలు పెట్టి మూసి లాగండి. ఏదైనా సులువుగా వచ్చేస్తే ఆ మూల ఒత్తిడి లేదన్నమాట. ప్లగ్గు మాత్రం పదిహేను ఆంప్స్‌దే, ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు.

మిగతావి గబగబా. జీఎస్ఎం ఎక్కువైతే క్వాలిటీ ఎక్కువని కాదు, అది చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములో చెప్పే బరువు మాత్రమే. 180 జీఎస్ఎం టీషర్టు కూడా ఒక్క ఉతుకుకి కుంచించుకుపోవచ్చు, ఒకటి ఉతికి చూశాకే బండిల్ చెప్పండి. ఫైవ్ ఇన్ వన్‌లో టోపీ, పళ్లెం అటాచ్‌మెంట్లు నేను మూడుసార్లు కూడా బిగించలేదు. టీషర్టులకే అయితే 15 బై 15 అంగుళాల ఫ్లాట్ ప్రెస్ కొనుక్కోండి. ఎర్ర జెర్సీ మీద తెల్ల డీటీఎఫ్ రెండు రోజులకి గులాబీ రంగైతే ఫిల్మ్‌ని తిట్టకండి. ఆ బట్టలోని రంగే వేడికి ఆవిరై పైకొచ్చింది. వేడి తగ్గించండి, ఆ రంగు పైకి రాకుండా ఆపే బ్లాకర్ పొడి ఉన్న ఫిల్మ్ అడగండి.

ఆ కుర్రాడి సామాను దండగేమీ కాలేదు. సంక్రాంతి క్రికెట్ టోర్నమెంట్లకి తెల్ల డాట్ నిట్ (సన్న రంధ్రాల పాలిస్టర్) జెర్సీలు తెప్పించి సబ్లిమేషన్ కొట్టమన్నాను, కాటన్ ఆర్డర్లకి అదే ప్రెస్ మీద డీటీఎఫ్ వేయమన్నాను. నా దగ్గరున్న ఫిల్మ్‌లోంచి ఒక లోగో కత్తిరించి, అతను తెచ్చిన టీషర్టు వెనక వైపే నొక్కి చూపించాను. రెండు చేతులతో ఇటూ అటూ లాగి చూసుకున్నాడు, పగల్లేదు. బయట ఆటో అతను వెయిటింగ్‌కి ఇంకో యాభై అడిగాడు.