ఆ తేదీ గురించి పిల్లలకు ఒక ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ప్రేమతో రాసేది. యేసుప్రభువు ఫలానా తేదీన తిరిగి వస్తాడని ఒక బోధకుడు లెక్కకట్టి చెప్పిన వీడియో పంపారు కదా, దాన్ని రెండుసార్లు చూశాను. మొదటిసారి ఆ బోధకుడి మాటలు విన్నాను. రెండోసారి శబ్దం ఆపేసి, ఆయన బోర్డు మీద వేసిన లెక్కను మాత్రమే చూశాను. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన వాణ్ణి కదా, ఎవరి కూడికైనా కంటపడితే సరిచూడకుండా ఉండలేను. ఆయన కూడిక సరిగ్గానే ఉంది. తప్పు వేరేచోట ఉంది.

ముందు చిన్నవాడి ప్రశ్న. "యేసుప్రభువు ఆ రోజే వచ్చేస్తే నేను పరీక్షలకు చదవడం దండగే కదా తాతయ్యా?" అన్నాడు. నవ్వొచ్చింది కానీ, నాయనా, ఈ ప్రశ్న నీకంటే చాలా పెద్దది. అపొస్తలుడైన పౌలు కాలంలోనే థెస్సలొనీక సంఘంలో కొందరు పనులు మానేసి కూర్చున్నారు. ప్రభువు దినం వచ్చేసిందని ఎవరో చెబితే జనం కంగారుపడ్డారు. పౌలు రాసినట్టుగా చెప్పుకునే ఉత్తరం ఏదైనా చేతికి వచ్చినా నమ్మి బెదిరిపోవద్దని ఆయన హెచ్చరించాల్సి వచ్చింది. అంటే తప్పుడు సందేశాలను పదిమందికీ పంపే అలవాటు ఫోన్లతో పుట్టింది కాదు. పని మానేసిన వాళ్లకు ఆయన ఇచ్చిన జవాబు మీకూ తెలుసు: "ఎవడైనను పనిచేయనొల్లని యెడల వాడు భోజనము చేయకూడదు." కాబట్టి చదువు.

ఇక పెద్దదాని ప్రశ్న. రెండవ రాకడను నమ్ముతూ దాని తేదీని నమ్మకపోవడం సగం నమ్మకం కాదా అని అడిగింది. కాదమ్మా. క్రీస్తు మహిమతో తిరిగి వస్తాడని, సజీవులకూ మృతులకూ తీర్పు తీరుస్తాడని నైసియా విశ్వాస ప్రమాణంలో ఉంది. కాథలిక్కులు, ఆర్థడాక్స్ వాళ్లు, ప్రొటెస్టెంట్లు అందరూ దాన్ని ఒప్పుకుంటారు. ఆ రాకడ ఏ క్రమంలో జరుగుతుంది, విశ్వాసుల సంఘం ఆకాశానికి ఎత్తబడటం ముందా లోకానికి శ్రమలు ముందా, క్రీస్తు వెయ్యేళ్ల పాలనను ఉన్నదున్నట్టు తీసుకోవాలా లేదా అనే విషయాల మీద మాత్రం బోలెడన్ని వాదాలున్నాయి. మత్తయి సువార్త 24వ అధ్యాయంలో ప్రభువు చెప్పినవాటిలో చాలావరకు 70వ సంవత్సరంలో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని కూల్చినప్పుడే నెరవేరాయనే వాళ్లూ ఉన్నారు. ఆ వాదాల్లోకి ఇప్పుడు దిగను. ఏ ప్రమాణంలోనూ తేదీ లేదు, అంతవరకు చాలు.

లేకపోవడానికి కారణం ప్రభువు మాటే. "ఆ దినమును గూర్చియు ఆ గడియను గూర్చియు తండ్రి మాత్రమే యెరుగును" అన్నాడు. దూతలకూ తెలియదట, కుమారుడికీ తెలియదట. ఈ రెండోది చదివి నేను చిన్నప్పుడు ఉలిక్కిపడ్డాను. కుమారుడికి తెలియకపోవడం ఏమిటని వేదపండితులు వందల ఏళ్లుగా తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. ఆయనే తనకు తెలియదని చెప్పినదాన్ని బోర్డు, సుద్దముక్క పట్టుకుని నేను తేలుస్తాననడానికి చాలా ధైర్యం కావాలి. కొందరు తెలివిగా, దినమూ గడియా తెలియవన్నాడు గానీ సంవత్సరం తెలియదనలేదుగా అంటారు. వాళ్ల కోసమే అన్నట్టు అపొస్తలుల కార్యముల మొదటి అధ్యాయంలో ఇంకో మాట ఉంది. కాలాలనూ సమయాలనూ తండ్రి తన స్వాధీనంలో ఉంచుకున్నాడు, వాటిని తెలుసుకోవడం మీ పని కాదు. దీన్ని తప్పించుకోవడానికి సందు నాకైతే కనబడలేదు.

ఇప్పుడు లెక్క సంగతి. తేదీ కట్టేవాళ్లకు మూడు సరుకులు కావాలి: మొదలుపెట్టడానికి ఒక సంవత్సరం, బైబిల్లోంచి ఒక అంకె, ఆ అంకెను సంవత్సరాలుగా మార్చే సూత్రం. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన విలియం మిల్లర్ అనే రైతు కథ చూడండి. బ్రిటన్‌తో జరిగిన 1812 యుద్ధంలో పోరాడి వచ్చినవాడు. మోసగాడు కాదు, ఏళ్ల తరబడి కూర్చుని బైబిలు చదివిన నిజాయితీపరుడు. దానియేలు 8:14లో పరిశుద్ధస్థలం గురించి 2300 దినాల మాట వస్తుంది. దినమంటే సంవత్సరమనే సూత్రం అప్పటికే వాడుకలో ఉంది. యెరూషలేమును తిరిగి కట్టడానికి పారసీక రాజు అర్తహషస్త ఆజ్ఞ ఇచ్చాడని తాను భావించిన క్రీ.పూ. 457ను ఆయన మొదలుగా తీసుకున్నాడు. 2300లోంచి 457 తీసేస్తే 1843.

మీరూ కాగితం మీద వేయండి. తీసివేత సరిగ్గానే వస్తుంది. కానీ మన కేలండరులో సున్నా సంవత్సరం లేదు! క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1 వస్తుంది. ఆరో శతాబ్దంలో డయొనీసియస్ అనే సన్యాసి క్రీస్తు పుట్టుక నుంచి ఏళ్లు లెక్కించడం మొదలుపెట్టినప్పుడు ఆయన దగ్గర సున్నా లేదు. కాబట్టి 457 నుంచి 2300 ఏళ్లు ముందుకు నడిస్తే 1843లో కాదు, 1844లో తేలతాం. అసలు ఆయన పెట్టిన ఒకటో సంవత్సరమే సరికాదని, హేరోదు రాజు క్రీ.పూ. 4లో చనిపోయాడు గనుక యేసు అంతకుముందే పుట్టి ఉండాలని చాలామంది చరిత్రకారులు అంటారు. పునాదిరాయే నాలుగైదేళ్లు పక్కకు జరిగి ఉందన్నమాట.

మిల్లర్ మొదట ఒక్క రోజును చెప్పలేదు. 1843 మార్చి 21కీ 1844 మార్చి 21కీ మధ్య అన్నాడు. ఆ గడువు దాటిపోయింది. తర్వాత శామ్యూల్ స్నో అనే బోధకుడు యూదుల ప్రాయశ్చిత్త దినాన్ని బట్టి 1844 అక్టోబరు 22 అని తేల్చాడు. వేలమంది నమ్మారు. కొందరు పొలాల్లో పంట కోయకుండా వదిలేశారు. తెల్లబట్టలు కట్టుకుని కొండలెక్కారని తర్వాత లోకం ఎగతాళి చేసింది కానీ, దానికి గట్టి ఆధారం లేదు. ఆ రాత్రి తెల్లవారేదాకా ఏడ్చామని వాళ్లలో హైరమ్ ఎడ్సన్ అనే ఆయన తర్వాత రాసుకున్నాడు. ఆ మాట చదివినప్పటి నుంచి వాళ్లను చూసి నవ్వడం నాకు చేతకాదు. వాళ్లు ప్రభువును నిజంగా చూడాలనుకున్నారు. చరిత్రలో ఆ రోజుకు మహా నిరాశ అనే పేరు మిగిలింది. మిల్లర్ 1849లో, ఇంకా ఎదురుచూస్తూనే, కన్నుమూశాడు.

లెక్కలవాడిగా నాకు ఇష్టమైన కథ మాత్రం మిహాయెల్ స్టీఫెల్‌ది. జర్మనీలో ప్రొటెస్టెంటు ఉద్యమం మొదలుపెట్టిన లూథర్‌కు అనుచరుడైన పాస్టరు, గొప్ప గణితవేత్త. ఆయనకు ఒక పిచ్చి ఉండేది. ప్రకటన గ్రంథంలో మృగానికి ఇచ్చిన 666 అనే సంఖ్య ఎవరిదో కనిపెట్టాలనుకున్నాడు. అప్పటి పోపు పదవ లియో పేరును లాటిన్‌లో రాసి, అందులో రోమన్ అంకెలుగా పనికొచ్చే అక్షరాలన్నీ ఏరి కూడాడు. 1656 వచ్చింది. 666 కావాలి కదా? వెయ్యిని సూచించే అక్షరంతోనే లాటిన్‌లో "మర్మం" అనే మాట మొదలవుతుంది, కనుక దాన్ని తీసేయాలన్నాడు. 656 మిగిలింది. పేరులో పది అక్షరాలున్నాయి, పోపు కూడా పదవవాడే, కనుక పది కలపాలన్నాడు. 666! పరీక్షలో ఇలా చేస్తే సున్నా వేసేవాణ్ణి. జవాబు ముందే రాసుకుని దానికి తగ్గట్టు మెట్లు కట్టడమంటే ఇదే.

అదే పద్ధతిలో ఆయన 1533 అక్టోబరు 19, ఉదయం 8 గంటలకు లోకాంతం అన్నాడు. లూథర్ వద్దన్నా వినలేదు. జనం గుడిలో గుమిగూడారు. ఎనిమిది దాటింది, ఏమీ కాలేదు. స్టీఫెల్‌ను నిర్బంధించారు, పదవి పోయింది. లూథర్ తదితరులు పూనుకుని కొన్నాళ్లకు ఇంకో ఊళ్లో సంఘం ఇప్పించారు. అక్కడ ఆయన బుద్ధిగా గణితం పట్టుకున్నాడు. 1544లో ప్రచురించిన ఆయన గ్రంథం బీజగణిత చరిత్రలో గౌరవంగా చెప్పుకునేది. ఆ మెదడుకు అంకెల వరం ఉంది, పెట్టిన చోటు తప్పు.

ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. మూడో శతాబ్దంలోనే, ఇప్పటి టర్కీలోని పొంతులో ఒక సంఘనాయకుడు తన కలలను నమ్మి ఏడాదిలో తీర్పు వస్తుందన్నాడని అప్పటి క్రైస్తవ రచయిత హిప్పొలితు రాశాడు. విశ్వాసులు పొలాలు దున్నడం మానేసి పశువులను అమ్ముకున్నారు, ఏడాది తిరిగేసరికి అడుక్కునే స్థితికి వచ్చారు. దక్షిణ కొరియాలో ఒక సంఘం 1992 అక్టోబరు 28 అంది. దాని నాయకుడు భక్తుల సొమ్ముతో, ఆ తేదీ దాటాక గాని చేతికి డబ్బు రాని బాండ్లు కొన్నాడని తేలి జైలుకు వెళ్లాడు. అమెరికాలో రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు. 5, 10, 17లను గుణించి, వచ్చిన 850ని మళ్లీ 850తో గుణిస్తే 722,500. క్రీ.శ. 33 ఏప్రిల్ 1న సిలువ జరిగిందనుకుని అక్కడి నుంచి అన్ని రోజులు లెక్కపెడితే ఆ తేదీ. ఐదంటే ప్రాయశ్చిత్తం, పదంటే సంపూర్ణత, పదిహేడంటే పరలోకం అట. రెండేసిసార్లు ఎందుకు గుణించాలంటే ఆ తేదీ రావాలి గనుక. మే దాటాక అక్టోబరు 21 అన్నాడు. 2012లో మాత్రం తాను చేసింది పాపమని బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఆ మాట చెప్పగలగడం చిన్న సంగతి కాదు.

న్యూటన్ కూడా దానియేలు మీద లెక్కలు వేసుకున్నాడని విన్నారా? 800వ సంవత్సరానికి 1260 కలిపి, 2060కి ముందు అంతం రావడానికి కారణం కనబడదని తన కాగితాల్లో రాసుకున్నాడు. తేదీ చెప్పడానికి కాదు, తొందరపడి తేదీలు చెప్పేవాళ్ల నోరు మూయించడానికే రాస్తున్నానని పక్కనే అన్నాడు. ఇంతా చేసి ఆయనా వేళ్లు ముడిచి లెక్కపెట్టినవాడే. అలా లెక్కపెట్టేవాళ్లందరినీ, వేళ్లకు కాస్త విశ్రాంతి ఇవ్వండని క్రైస్తవ వేదపండితుడు అగస్టీను ఐదో శతాబ్దంలోనే అన్నాడు. న్యూటన్ దాకా చేరలేదేమో!

మీ బోధకుడు యుద్ధాలు, భూకంపాలు చూపించి గుర్తులన్నాడు. యుద్ధాల గురించి వింటారు గానీ కలవరపడకండి, అంతం వెంటనే రాదని మత్తయి 24లోనే ఉంది. ఆ వాక్యాన్ని ఆయన వదిలేశాడు, గమనించారా?

మరి ప్రభువు మెలకువగా ఉండమన్నాడు కదా అంటారు మీరు. అన్నాడు. ఆ వెంటనే చెప్పిన రెండు కథలను పక్కపక్కన పెట్టి చదవండి. మొదటి కథలో చెడ్డ దాసుడు నా యజమాని ఆలస్యం చేస్తున్నాడనుకుని తోటి దాసులను కొట్టడం మొదలుపెడతాడు. వాడు అనుకోని రోజున యజమాని వచ్చేస్తాడు. రెండో కథలో బుద్ధిలేని ఐదుగురు కన్యకలు పెండ్లికుమారుడు త్వరగా వచ్చేస్తాడనుకున్నట్టు నూనె తీసుకెళ్లరు. ఆయన ఆలస్యం చేస్తాడు. ఒకడు ఆలస్యమని లెక్కవేసి పాడయ్యాడు, వీళ్లు త్వరలోనే అని లెక్కవేసి పాడయ్యారు. ఇంకో సంగతి: ఆ కథలో బుద్ధిగల కన్యకలు కూడా నిద్రపోయారు. వాళ్లను ఎవరూ తిట్టలేదు. మెలకువ అంటే కళ్లు తెరుచుకుని గడియారం చూడటమైతే పదిమందీ తప్పినవాళ్లే. సిద్దెల్లో నూనె ఉందా లేదా అన్నదే అక్కడ చూశారు.

ఇదంతా పండితుడిలా చెబుతున్నాను గానీ నాకూ ఒక కథ ఉంది. 1988లో నాకు ఇరవై నాలుగేళ్లు. అమెరికాలో రాకెట్ల ఇంజనీరుగా పనిచేసిన ఎడ్గర్ విసెనాంట్ అనే ఆయన ఎనభై ఎనిమిది కారణాలు చూపించి, ఆ సెప్టెంబరులో సంఘం ఎత్తబడుతుందని రాశాడు. ఇశ్రాయేలు దేశం 1948లో ఏర్పడింది, ఒక తరమంటే 40 ఏళ్లు, కూడితే 1988. ఆ వాదన నా చెవిన పడింది. సెప్టెంబరు వెళ్లిపోయింది. బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? లేదు. ఆయన తప్పు ఎక్కడ చేశాడో కనిపెట్టి నేను సరిచేస్తాననుకున్నాను! నోట్‌బుక్ కొని రాత్రుళ్లు కూర్చున్నాను. 1948 బదులు, యెరూషలేము పాతనగరం ఇశ్రాయేలు చేతికి వచ్చిన 1967ను మొదలుగా పెట్టాను. ఒక సంవత్సరం వచ్చింది. ఎవరికీ చెప్పలేదు, మీ నాయనమ్మకు కూడా. లెక్క కుదిరిన రాత్రి భయం వేయలేదు, ప్రార్థన చేయాలనీ అనిపించలేదు. గర్వం కలిగింది. లోకమంతటిలో నాకొక్కడికే తెలిసిందనే గర్వం. తర్వాత ఎప్పుడో ఆ పేజీ తీసి చూసుకుంటే సిగ్గేసింది.

ఆ నోట్‌బుక్‌ను ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. తొమ్మిదో పేజీలో ఒక అంకెను రబ్బరుతో చెరిపి ఇంకో అంకె వేసిన గుర్తు కనిపిస్తుంది. కాగితాన్ని దీపానికి అడ్డంగా పెట్టి, ముందు అక్కడ ఏముండేదో, ఎందుకు మార్చానో కనిపెట్టి నాకు రాయండి. కూడిక మాత్రం సరిగ్గానే ఉంటుంది, దాని మీద సమయం వృథా చేయకండి. చిన్నవాడు మాత్రం పరీక్షలు అయ్యాకే తెరవాలి.

మీ తాతయ్య