బేస్‌మెంట్‌ని ముంచేది మంచు కాదు, మే నెల వాన: డూపేజ్ కౌంటీ అపోహలు - వాస్తవాలు

షికాగో పక్కన డూపేజ్ కౌంటీలో, నేపర్‌విల్, అరోరా, లైల్ వైపు ఇల్లు కొనే మనవాళ్ళు ఇన్‌స్పెక్షన్ రోజున అడిగేది చలి గురించే. "ఫర్నేస్ తట్టుకుంటుందాండీ? స్నో బ్లోయర్ ఏది కొనమంటారు?" బేస్‌మెంట్ మూలన మూత కింద గుంటలో ఉండి నీళ్ళు బయటికి తోడే సంప్ పంప్ ఎన్నేళ్ళదో అడిగేవాళ్ళు మాత్రం అరుదు. జనం చేత ఎక్కువ డబ్బు కక్కించేది అదే.

అపోహ: ఇక్కడ ఇంటికి గండం మంచుతోనే. వానదేముంది, తుఫాన్లు చూసినవాళ్ళం.

వాస్తవం: షికాగో ఓహేర్ విమానాశ్రయం లెక్కల్లో ఏడాదికి సగటున 38 అంగుళాల మంచు పడుతుంది. పది అంగుళాల మంచు కరిగితే సుమారు ఒక అంగుళం నీళ్ళు. అంటే చలికాలం మంచంతా కలిపినా నాలుగు అంగుళాల లోపే. ఒక్క మే నెల సగటు వానే దాదాపు నాలుగున్నర అంగుళాలు. జూన్, జూలై, ఆగస్టు కూడా కాస్త అటూ ఇటూగా అంతే.

కోస్తాలో ఒక్క రోజులో అంతకు రెట్టింపు పడటం చూశామంటారు. నిజమే, కానీ అక్కడ ఇల్లు నేలకి రెండు మూడడుగులు ఎత్తున ఉంటుంది. ఇక్కడ చలికి నేల గడ్డకట్టి పైకి ఉబ్బుతుంది కాబట్టి పునాది కనీసం 42 అంగుళాల లోతుకి దించాలి. అంత తవ్వాక ఇంకాస్త తవ్వి బేస్‌మెంట్ చేసేస్తారు. చుట్టూ ఉన్నది హిమానీనదాలు వదిలిపోయిన బంకమట్టి, నీళ్ళు త్వరగా ఇంకవు. పునాది చుట్టూ వేసిన డ్రెయిన్ టైల్ (చిల్లుల గొట్టం) ఆ నీటిని సంప్ గుంటలోకి తెస్తుంది. అక్కడి నుంచి బయటికి తోడేది ఆ ఒక్క మోటారే.

1996 జూలై 17-18 తేదీల్లో అరోరాలో 24 గంటల్లో 16.91 అంగుళాలు పడింది. ఇలినాయ్ రాష్ట్ర రికార్డు అది. "అలాంటిది వందేళ్ళకోసారి" అని ఊరడించుకోకండి. వందేళ్ళ వాన అంటే ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు అవకాశమున్న వాన. ముప్పై ఏళ్ళ లోన్ తీరేలోపు అది ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. పైగా ఈశాన్య ఇలినాయ్‌కి ఆ 24 గంటల వాన లెక్కని 7.58 అంగుళాల నుంచి 8.57కి పెంచారు కూడా.

అపోహ: పంప్ ఉంది, తిరుగుతోంది, చాలు.

వాస్తవం: పంప్ నడిచేది కరెంటుతో. కరెంటు పోయేది పంప్‌తో పని పడే ఉరుముల వానలోనే. కాబట్టి బ్యాటరీ బ్యాకప్ ఉండి తీరాలి: విడిగా రెండో పంప్, దానికి 75 నుంచి 100 ఆంపియర్-అవర్ల డీప్ సైకిల్ బ్యాటరీ. కారు బ్యాటరీ పెడితే పనికిరాదు. బ్యాటరీని మూడు నుంచి ఐదేళ్ళకి, పంప్‌ని ఏడు నుంచి పదేళ్ళకి, ఆగిపోకముందే మార్చేయాలి.

మార్చి నెలాఖరులో ఒకసారి ఇలా పరీక్షించండి. ఐదు గ్యాలన్ల బకెట్ నిండా నీళ్ళు గుంటలో నెమ్మదిగా పోయండి. ఫ్లోట్ (నీటిమట్టంతో పాటు లేచి పంప్‌ని ఆన్ చేసే తేలుడు స్విచ్) పైకి తేలాలి, పంప్ అందుకోవాలి, సెకన్లలో నీళ్ళు లాగేసి ఆగాలి. ఫ్లోట్ గుంట గోడకో, వైరుకో తగులుకుని ఉండిపోవడం అన్నిటికన్నా మామూలు లోపం. మోటారు గుర్రుమంటూ నీళ్ళు కదలకపోతే ఇంపెల్లర్‌లో (నీటిని నెట్టే చక్రంలో) గులకరాయైనా ఇరుక్కుని ఉండాలి, పైపులో గాలైనా నిలిచిపోయి ఉండాలి. రెండోది రాకుండా పంప్‌కీ, నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్‌కీ మధ్య పైపులో 3/16 అంగుళం రంధ్రం ఉండాలి. ఆగిన వెంటనే నీళ్ళు మళ్ళీ గుంటలోకి జారితే చెక్ వాల్వ్ పోయినట్టే. తర్వాత ప్లగ్ పీకి, బ్యాకప్ కోసం ఇదంతా మళ్ళీ చేయండి.

బ్యాకప్ ఎంత కావాలో కూడా కొలవచ్చు. పెద్ద వాన తగ్గుముఖం పట్టినప్పుడు పంప్‌ని కాసేపు ఆపి, నీళ్ళు అంగుళం ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. 18 అంగుళాల వ్యాసమున్న గుంటలో అంగుళం అంటే 1.1 గ్యాలన్. నిమిషానికి అంగుళం చొప్పున ఎక్కితే గంటకి 66 గ్యాలన్లు.

ఫిబ్రవరిలో ఇంకో తిప్పలు. నేల ఇంకా గడ్డకట్టి ఉండగా వాన పడితే నీళ్ళు ఇంకవు, గోడ వారగా దిగుతాయి. బయటి డిశ్చార్జ్ పైపు మంచుతో మూసుకుపోయి ఉంటే పంప్ తోడుతూనే ఉంటుంది, నీళ్ళు బయటికి పోవు, చివరికి మోటారు కాలిపోతుంది. గోడ దాటగానే చీలికలున్న ఫిట్టింగ్ పెట్టిస్తే నీళ్ళు అక్కడినుంచి బయటపడతాయి. చలికాలం ముడతల గొట్టం తీసేయండి, అందులో నీళ్ళు నిలిచి గడ్డకడతాయి.

పంప్ మీద భారం తగ్గించడం మరీ చౌక. 1,500 చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన పడితే 935 గ్యాలన్లు. కప్పు నీళ్ళు కిందికి దించే డౌన్‌స్పౌట్ గొట్టాన్ని పునాది పక్కనే వదిలేస్తే అవన్నీ చుట్టుతిరిగి మీ గుంటలోకే వస్తాయి. ఆరడుగులైనా దూరంగా వదిలే గొట్టం తగిలించండి.

అపోహ: ఇన్సూరెన్స్ ఇస్తుందిలెండి.

వాస్తవం: మామూలు హోం పాలసీలో సంప్ పొంగడం, డ్రెయిన్ ఎదురుతన్నడం, నేలలోంచి ఊరే నీళ్ళు ఏవీ ఉండవు. మొదటి రెండింటికి వాటర్ బ్యాకప్ ఎండార్స్‌మెంట్ (పాలసీకి అదనపు కవరేజీ) విడిగా చేర్పించుకోవాలి. దానికీ 5,000, 10,000, 25,000 డాలర్లని పరిమితులుంటాయి. హోం థియేటర్ కట్టించుకుని 5,000 కవరేజీ పెట్టుకుంటే కార్పెట్‌కీ డ్రైవాల్‌కీ కూడా చాలదు. ఫెడరల్ ఫ్లడ్ పాలసీ సాధారణంగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది, బేస్‌మెంట్ గోడల ఫినిషింగ్‌కీ కార్పెట్‌కీ అది ఇవ్వదు. ఫ్లోర్ డ్రెయిన్‌లోంచి మురుగు ఎదురొస్తే సంప్ పంప్ ఏమీ చేయలేదు. దానికి మురుగు వెనక్కి రాకుండా ఆపే బ్యాక్‌వాటర్ వాల్వ్ వేరే ఉంది.

అపోహ: ఇండియా వెళ్ళేటప్పుడు బ్రేకర్లన్నీ దించేస్తే క్షేమం.

దయచేసి ఆ పని చేయకండి. పిల్లల సెలవులకి జూన్, జూలైల్లో వెళ్తారు, వానలున్నదీ అప్పుడే. సంప్ బ్రేకర్ దించితే ఇల్లు నీటికి అప్పగించినట్టే. సంప్ గుంటలో అలారం పెట్టి, తాళం ఒకటి పక్కింటివాళ్ళకి ఇవ్వండి. సంక్రాంతికి వెళ్తే మెయిన్ వాల్వ్ కట్టేసి, బేస్‌మెంట్ కుళాయి విప్పి నీళ్ళు దించేయండి. హీటింగ్ ఆపకుండా థర్మోస్టాట్ 60 ఫారెన్‌హీట్ దగ్గర ఉంచండి, 55 కన్నా కిందికి తగ్గించొద్దు. బయటి కుళాయికి తోట గొట్టం వదిలేస్తే లోపల నీళ్ళు చిక్కి పైపు పగులుతుంది. వేడి ఆపేసిన ఖాళీ ఇంట్లో పైపులు పగిలితే క్లెయిమ్ తోసిపుచ్చే షరతు పాలసీలోనే ఉంటుంది, చదవండి.

మిగతావి క్లుప్తంగా. "విండ్ చిల్ (గాలి వల్ల ఒంటికి తెలిసే చలి) మైనస్ 50 అంటే పైపులూ అంత చల్లబడతాయి" అనేది తప్పు. 2019 జనవరి 30న ఓహేర్‌లో గాలి మైనస్ 23 ఫారెన్‌హీట్. పైపు అంతకన్నా కిందికి పోదు. విండ్ చిల్ మన చర్మానికి. కాకపోతే రిమ్ జాయిస్ట్ (పునాది గోడ మీద ఆనే చెక్క దూలం) సందుల్లోంచి దూరే గాలి పైపుని త్వరగా చల్లబరుస్తుంది, ఆ సందులు పూడ్చండి. "లేక్ మిషిగన్ పక్కన ఉన్నాం కాబట్టి లేక్ ఎఫెక్ట్ మంచంతా (సరస్సు మీదుగా వీచే చలిగాలి తెచ్చే మంచు) మనకే" అంటారు. చలిగాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది కాబట్టి అందులో పెద్ద వాటా అవతలి ఒడ్డున మిషిగన్, ఇండియానాలకి పోతుంది.

"టోర్నడోలు పొలాల్లోనే, పగటిపూటే వస్తాయి" అనేవాళ్ళకి 2021 జూన్ 20 చాలు: రాత్రి పదకొండు దాటాక నేపర్‌విల్, వుడ్‌రిడ్జ్ ఇళ్ళ మధ్యనుంచి ఇఎఫ్-3 (సున్నా నుంచి ఐదు దాకా ఉండే తీవ్రత కొలమానంలో మూడు) టోర్నడో పోయింది. నెలలో మొదటి మంగళవారం పొద్దున పదింటికి మోగే టోర్నడో సైరన్ పరీక్ష కోసమే. అసలు ఆ సైరన్ ఆరుబయట ఉన్నవాళ్ళకి వినపడడానికి పెట్టింది, కిటికీలు మూసి నిద్రపోయేవాళ్ళకి కాదు. ఫోన్లో ఎమర్జెన్సీ అలర్ట్‌లు ఆన్ చేసుకోండి, వీలైతే బ్యాటరీతో నడిచే వెదర్ రేడియో ఒకటి పడకగదిలో పెట్టుకోండి.