ఇల్లుంటే చాలదా?

పిల్లలూ,

మేయరుగా పోటీ చేయాలంటే ఆ ఊళ్లోనే కాపురముండాలా, ఇల్లుంటే చాలదా అని మొన్న ఫోనులో అడిగారు. రెండు మాటల్లో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నాను.

నిబంధన ఎందుకో చెప్పడం తేలికే. కప్పు ఎక్కడ కారుతుందో ఆ ఇంట్లో పడుకునేవాడికి తెలుస్తుంది. ఏ వీధికి నీళ్లు రావో, ఏ మలుపులో దీపం వెలగదో అక్కడ తిరిగేవాడికి తెలుస్తుంది. అయితే ఊరితో పరిచయాన్ని కొలిచే తూనిక చట్టం దగ్గర లేదు. అందుకని నెలలు లెక్కపెడుతుంది. పేచీ అక్కడే మొదలవుతుంది.

అమెరికాలో షికాగో మేయరు కావాలంటే ఎన్నికకు ముందు ఏడాది పాటు ఆ ఊరి నివాసి అయి ఉండాలి. రామ్ ఇమాన్యుయేల్ ఆ ఊరివాడే. 2009లో అధ్యక్షుడు ఒబామా దగ్గర పెద్ద కొలువు దొరికి వాషింగ్టన్ వెళ్లాడు, ఇల్లు అద్దెకిచ్చాడు. 2010 అక్టోబరులో మేయరు పోటీకని తిరిగొస్తే, అద్దెకున్నాయన ఖాళీ చేయనన్నాడు! పైగా తానూ మేయరు పోటీకి కాగితాలు వేసి, తర్వాత తప్పుకున్నాడు. (నవ్వకండి, నిజంగా జరిగిందే.)

ఇమాన్యుయేల్ అర్హుడు కాడంటూ కొందరు కోర్టుకెక్కారు. 2011 జనవరి 24న అప్పీలు కోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు కాడన్నారు, ఒకరు అవునన్నారు. మూడు రోజులకే, షికాగో ఉన్న ఇలినాయ్ రాష్ట్రపు సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. మనిషి ఎక్కడున్నాడన్నది ఒక్కటే చూడకూడదు, తిరిగి రావాలన్న ఉద్దేశం వదులుకున్నాడా లేదా అన్నదీ చూడాలంది. అందుకు 1867 నాటి పాత తీర్పునొకదాన్ని తవ్వి తీసింది. ఇంట్లో వదిలి వెళ్లిన పియానో, నూటికి పైగా పెట్టెలు కూడా సాక్ష్యాలయ్యాయి. శాశ్వతంగా పోయేవాడు పెట్టెలు వదిలిపోడు కదా! ఫిబ్రవరి 22న ఆయన గెలిచాడు కూడా.

అన్నిచోట్లా ఇంత పట్టింపు లేదు. లండన్ మేయరు పదవికి అక్కడ నివాసమే ఉండనక్కర్లేదు. ఏడాదిగా ప్రధానంగా ఆ నగరంలోనే పనిచేస్తున్నా సరిపోతుంది. జపాన్‌లో మరీ చిత్రం. నగర సభ సభ్యుడికి మూడు నెలల నివాసం తప్పనిసరి, మేయరుకు మాత్రం అసలు అక్కర్లేదు. సమర్థుడు ఎక్కడున్నా తెచ్చుకోవచ్చని వాళ్ల ఆలోచన.

నన్నడిగితే ఏడాది గడువు సబబే. ఐదేళ్లూ పదేళ్లూ అన్నారంటే మాత్రం అది పాత కాపులు కొత్తవాళ్లకు వేసిన గడియ అనుకోండి. ఓటర్లకూ కళ్లున్నాయి, వచ్చినవాడు చుట్టమో చుట్టపుచూపో వాళ్లు పోల్చుకోగలరు.

ఇంతకీ మీ ప్రశ్న. షికాగో ఆయనకు ఇల్లు అక్కరకొచ్చింది నిజమే. కానీ అంతకుముందు అందులో కాపురమున్నాడు, వాషింగ్టన్‌లో ఉండి కూడా ఓటు షికాగోలోనే వేశాడు, డ్రైవింగ్ లైసెన్సు మీద చిరునామా మార్చలేదు. షికాగోలాగా నివాసం తప్పనిసరి అన్నచోట, ఎన్నడూ కాపురముండకుండా ఇల్లు కొని తాళం వేసుకున్నవాడికి ఆ ఇల్లు ఎందుకూ పనికిరాదు. ఆస్తి వేరు, నివాసం వేరు.

గెలిచాక ఊరు మారితే ఏమిటంటారా? చాలాచోట్ల పదవి ఖాళీ అయినట్టే లెక్క.

మీ తాతయ్య